గార్డియన్‌షిప్ పిటిషన్ నేర్చుకుందాం - మూడో భాగం: వకీలు దగ్గరికి వెళ్లేముందు రాసుకోవాల్సింది

దత్తతకూ గార్డియన్‌షిప్‌కూ తేడా పోయిన భాగంలో చూశాం. దత్తత తీసుకుంటే పిల్ల పూర్తిగా మీ ఇంటి పిల్ల అవుతుంది. గార్డియన్‌షిప్‌లో అమ్మానాన్నల పేర్లు, వాళ్ల ఆస్తి మీద పిల్ల హక్కు అలాగే ఉంటాయి, 18 ఏళ్లు నిండేదాకా చూసుకునే బాధ్యత మాత్రం మీది. ఈసారి పెన్ను, తెల్లకాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

ముందే ఒక మాట. పెద్దమనుషులను కూర్చోబెట్టి వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాయించుకుని, నోటరీ ముద్ర కొట్టించుకుని గార్డియన్ అయిపోయామనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ కాగితంతో కోర్టు నియమించిన గార్డియన్ కాలేరు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇంకా నడుస్తోంది, అన్ని మతాలవాళ్లూ దీని కిందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హనుమకొండ అదాలత్ దగ్గర వకీళ్లు జీడబ్ల్యూఓపీ (గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఒరిజినల్ పిటిషన్) అనేది ఈ దరఖాస్తునే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పరకాల దగ్గరి ఊళ్లో ఒక అమ్మమ్మ. కూతురు, అల్లుడు ఇద్దరూ పోయారు, తొమ్మిదేళ్ల మనవరాలు ఆమె దగ్గరే పెరుగుతోంది. అల్లుడి పేరు మీద ఎకరం పది గుంటలు, రావాల్సిన రైతుబీమా 5 లక్షలు. పిల్ల బాబాయి కరీంనగర్‌లో ఉంటాడు, ఆయనతో మాటల్లేవు.

పిటిషన్‌లో ఏమేం ఉండాలో 10వ సెక్షన్ చెబుతుంది. పిల్ల పేరు, మతం, పుట్టిన తేదీ, మామూలుగా ఎక్కడ ఉంటోంది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఆస్తి ఏమిటి, ఎక్కడుంది, సుమారు విలువ ఎంత, ఇంతకుముందు ఎవరైనా ఏ కోర్టులోనైనా అడిగారా, మీరు అడిగేది పిల్ల బాగోగుల కోసమా, ఆస్తి కోసమా, రెండింటికా. ఇవన్నీ ఆధార్, బర్త్ సర్టిఫికెట్, పాస్‌బుక్ ముందు పెట్టుకుంటే అరగంటలో రాసేయొచ్చు.

చిక్కంతా దగ్గరి బంధువుల దగ్గరే వస్తుంది. బాబాయితో పడదు కాబట్టి ఆయన పేరు వదిలేద్దామనిపిస్తుంది. వదలొద్దు. పేరు, అడ్రసు, పిల్లకు ఏమవుతాడో రాయండి. కోర్టు ఎలాగూ నోటీసులు ఇస్తుంది, ఆయన మధ్యలో వచ్చి "నన్నెందుకు దాచారు" అని అడిగితే కేసు సాగుతుంది, పైగా జడ్జి గారికి మీ మీద అనుమానం వస్తుంది. ఆయన తాగుతాడనో, ఆస్తి మీద కన్నేశాడనో రాసే కోపం కూడా ఇక్కడ వద్దు, రుజువు ఉంటే విచారణలో చెప్పుకోవచ్చు.

రెండో చిక్కు, ఎందుకు అడుగుతున్నారో చెప్పే పేరా. చాలామంది "ఆ పిల్లంటే నాకు ప్రాణం, నేను తప్ప దిక్కు లేదు" అని రాస్తారు. నిజమే కావచ్చు గానీ జడ్జికి దాంతో తేలేది ఏమీ లేదు. ఇలా రాసి చూడండి: "తల్లి చనిపోయిన 2022 జూన్ నుంచి మైనర్ నా దగ్గరే ఉంటోంది. ఊరి ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతోంది, బడి రిజిస్టర్‌లో సంరక్షకురాలిగా నా పేరే ఉంది. నాకు ఆసరా పెన్షన్ వస్తుంది, సొంత ఇల్లు ఉంది." ఒక్కో వాక్యం వెనుక ఒక్కో కాగితం. డెత్ సర్టిఫికెట్, బడి నుంచి బోనఫైడ్, పెన్షన్ కాగితం, ఇంటి పన్ను రసీదు. కాగితం దొరకని వాక్యం ఉంటే దాని పక్కన చుక్క పెట్టుకోండి, దానికి సాక్షిని వెతుక్కోవాలి. పిల్ల సంక్షేమమే కోర్టుకు ముఖ్యం, మిగతా ఏదైనా దాని తర్వాతే.

గార్డియన్‌గా ఉండటానికి సమ్మతిస్తున్నానని మీరు సంతకం చేసిన కాగితం కూడా జత చేయాలి. దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, మర్చిపోకండి.

వకీలు ఫీజు అంటే టెన్షనా? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును అడిగే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఈ రాసుకున్న కాగితం చేతిలో ఉంటే వాళ్లకూ పని తేలిక.

వచ్చే భాగానికి హోంవర్క్: పై అమ్మమ్మ తరఫున బంధువుల పేరా మొత్తం రాయండి, మేనత్తలు, తాతలతో సహా. ఆ ఎకరం పది గుంటలు అమ్మాల్సి వస్తే కోర్టు అనుమతి ఎలా అడగాలో, అంటే 1890 చట్టంలోని 29వ సెక్షన్, అప్పుడు చూద్దాం.