మెయిల్ చూశారు, పని మాత్రం జరగలేదు

సమస్య: "మొన్న మెయిల్ పెట్టాను కదండీ, ఏమైంది?" అని పక్క సెక్షన్ నుంచి ఫోన్. మీకేమో ఆ మెయిలే గుర్తుండదు. "నాకు రాలేదే" అనేస్తారు.

ఆ మాట అనేముందు పంపినవాళ్ల పేరు సెర్చ్‌లో కొట్టి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ ఎవరూ చేయరు. అవుట్‌లుక్‌లో అయితే 'కరెంట్ ఫోల్డర్' మార్చి 'ఆల్ మెయిల్‌బాక్సెస్' పెట్టి వెతకండి. దొరికిన మెయిల్ బోల్డ్‌గా ఉంటే తెరవనే లేదన్నమాట. 'అదర్' ట్యాబ్‌లోనో, జీమెయిల్ అయితే 'ప్రమోషన్స్'లోనో పడి ఉంటుంది. ఇన్‌బాక్స్‌లోకి మార్చుకుంటే సరి. మామూలు అక్షరాల్లో ఉంటే ఎవరో తెరిచారు. ఆ ఎవరో మీరే.

అసలు దొంగ ఫోన్. ఆటోలో తెరుస్తాం, చదువుతాం, 'ఆఫీసుకెళ్లి చేద్దాం' అనుకుంటాం. సీట్లో కూర్చునేసరికి అది 'చదివినది' అయిపోయి, కొత్తవాటి కిందకు జారిపోయి ఉంటుంది. మనమేమో బోల్డ్‌గా ఉన్నవే పనులనుకుని వాటి వెంటపడతాం. నేను అకౌంట్స్‌లో ఉన్నప్పుడు ఒక వెండర్ టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసి కట్టే పన్ను) చలానాలో కలపమని వచ్చిన మెయిల్‌కు ఇదే గతి పట్టింది. గడువు 7వ తేదీ, కట్టింది 9న. 2 రోజుల ఆలస్యమే కదా అనుకున్నా. వడ్డీని కోత కోసిన రోజు నుంచి లెక్కేస్తారు, నెలలో ఒక్కరోజు పడినా పూర్తి నెల కిందే లెక్క. కోసింది ముందు నెలలో కాబట్టి నెలకు 1.5 శాతం చొప్పున 2 నెలలది కట్టాల్సి వచ్చింది. మేనేజర్ ఏమన్నారో ఇక్కడ రాయను.

అందుకే ఫోన్‌లో చదివాక వెంటనే చేయలేని మెయిల్‌ను మళ్లీ 'అన్‌రెడ్' చేసి గానీ ఫోన్ లోపల పెట్టకండి. జీమెయిల్‌లో 'స్నూజ్' ఇంకా మేలు, చెప్పిన టైముకు మళ్లీ పైకొస్తుంది. కంప్యూటర్‌లో కూడా ఇదే తంటా ఉంది. కిందిదానికి వెళ్లగానే పైది చదివినట్టు లెక్క. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్, రీడింగ్ పేన్‌లోకి వెళ్లి 'మార్క్ ఐటమ్ యాజ్ రెడ్ వెన్ సెలెక్షన్ చేంజెస్' దగ్గరి టిక్కు తీసేయండి. చేయాల్సిన మెయిల్‌కు ఫ్లాగ్ పెట్టండి, పొద్దున్నే ఇన్‌బాక్స్ కంటే ముందు ఫ్లాగులు చూడండి. రంగురంగుల ఫోల్డర్లు నేనూ కట్టాను, వారం కూడా నిలవలేదు.

మెయిల్‌బాక్స్ నిండటం, ఎప్పుడో పెట్టిన రూల్ ఎటో తోసేయడం అరుదు. స్పామ్, ట్రాష్ కూడా చూసి, అక్కడా లేకపోతేనే ఐటీ వాళ్లకు ఫోన్ చేయండి.