బిడ్డకు పాలు చాలడం లేదా? డబ్బా పాలు కొనేముందు ఇవి చూసుకోండి

బిడ్డ రెండుసార్లు గట్టిగా ఏడిస్తే చాలు, "దీనికి పాలు చాలట్లేదు" అని ఎవరో ఒకరు మెడికల్ షాపుకు పరిగెత్తుతారు. ఉక్కపోసినా, కడుపు ఉబ్బరించినా, ఎత్తుకోకపోయినా ఏడుస్తారు పిల్లలు. ముందు గుడ్డలు లెక్కపెట్టండి. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం 6 సార్లు ఒంటికి పోయాలి, అప్పటికి నల్ల విరేచనం పసుపు రంగుకు తిరగాలి. డైపర్‌లో లెక్క తెలియట్లేదంటే ఒక్కరోజు పాత చీర గుడ్డ కట్టండమ్మా, అదేం పెద్ద పని!

గుడ్డలు బాగా తడుస్తున్నాయి, బరువు మాత్రం పెరగట్లేదు

కారణం చాలాసార్లు నీళ్లే. కర్నూలు ఎండల్లో "బిడ్డకు నోరు ఎండిపోతాది" అని అవ్వ కాచి చల్లార్చిన నీళ్లు ఉగ్గుగిన్నెతో పోస్తుంది. దాంతో పొట్ట నిండి బిడ్డ పడుకుంటుంది, రొమ్ము సరిగా పట్టదు, బిడ్డ తాగకపోయేసరికి తల్లికి పాలు ఊరడం తగ్గుతుంది. తాగిన నీళ్లేమో ఒంటికి పోతాయి కాబట్టి గుడ్డల లెక్క బ్రహ్మాండంగా కనిపిస్తుంది. తల్లిని అడిగితే "నా పాలు తప్ప ఏం పట్టట్లేదు" అంటుంది, ఆమె దృష్టిలో నీళ్లు లెక్కలోకే రావు మరి. అందుకే నేను ఆ ప్రశ్న మానేసి ఉగ్గుగిన్నె ఎక్కడుందో చూస్తాను. అటక మీద ఉంటే సరే, పొయ్యి పక్కన కడిగి బోర్లించి ఉంటే సంగతి తెలిసినట్టే. గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు కూడా ఇంతే. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు రాయనే కూడదు.

ఆరు నెలలు నిండేదాకా నీళ్లు పూర్తిగా ఆపేయండి. తల్లిపాలలో నూటికి 88 పాళ్లు నీళ్లే, ఎండాకాలానికీ అవి చాలు. రాత్రితో కలిపి రోజుకు 8 నుంచి 12 సార్లు రొమ్ముకు వేయండి, అవ్వ తెచ్చిన చెంబు తల్లికివ్వండి. అంగన్‌వాడీలో ప్రతిసారీ అదే కాటా మీద, బట్టలు తీసి తూయించండి. పుట్టిన బరువు రెండు వారాల్లోపు తిరిగి రావాలి, ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

గంటసేపు తాగినా ఆకలే

చనుమొన ఒక్కటే నోట్లో ఉంటుంది. నోరు బాగా తెరిచాక చుట్టూ నల్లటి భాగం కూడా పట్టించండి, గుటక వినపడాలి.

నాలుక కింద పొర, తల్లికి థైరాయిడ్ లాంటివి అరుదు, డాక్టరు చూసుకుంటారు.

బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, పాలు పట్టకపోయినా, ఐదో రోజు తర్వాత కూడా గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక పడుతున్నా ఇవేవీ చూస్తూ కూర్చోవద్దు, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి తీసుకుపోండి.