సెల్ఫ్ హీలింగ్ పెయింట్ మీద గీతలు: నాకు పనిచేసింది ఇదీ

నా కారుకున్నది సెల్ఫ్ హీలింగ్ పెయింట్, అంటే సన్నటి గీతలు వేడికి వాటంతటవే మానిపోయే రకం. అయినా కడిగిన ప్రతిసారీ బానెట్ మీద సాలెగూడులా సన్నటి గీతలు. వ్యాక్స్, పాలిష్, మబ్బు పట్టిన రోజు ఆరుబయట పెట్టడం, ఏదీ పనిచేయలేదు.

ముందు దుమ్ము పూర్తిగా కడిగేశాను. గీత మీద గోరు ఆడించి చూశాను, గోరు ఎక్కడా ఇరుక్కోలేదు, అంటే గీత లోతుగా లేదు. అప్పుడు చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడినీళ్లు (మరిగేవి కాదు) మగ్గుతో నెమ్మదిగా, మళ్లీ మళ్లీ పోశాను. రుద్దలేదు. కొన్ని నిమిషాల్లో చాలావరకు మాయం!

రంగు పైనున్న క్లియర్ కోట్ (పారదర్శకమైన పొర) సాగే పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం. వేడి తగిలితే మెత్తబడి, నొక్కుకుపోయిన చోటు తిరిగి సర్దుకుంటుంది. పొర ఊడిపోయిన చోట సర్దుకోవడానికి ఏమీ ఉండదు కదా. నా కారు మీద తాళంచెవితో పడిన లోతైన గీత అందుకే అలాగే ఉంది. రాయి తగిలి లేచిన పెచ్చు కూడా అంతే. మామూలు పెయింట్‌కైతే ఈ చిట్కా దండగ. మీ కోటింగ్ రకం వేరైతే ఫలితమూ మారొచ్చు.