రోజూ తొక్కే సైకిలును ఒంటికి కుదిరేలా సరిచేసుకోవడం ఎలా?

రోజూ సైకిలుపై పనికి వెళ్ళేవారిని వేధించే మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి, అరచేతుల తిమ్మిరి చాలాసార్లు సైకిలు ఒంటికి కుదరకపోవడం వల్ల వచ్చేవే. అలెన్ కీలు (ఆరు పలకల మొన ఉండే, L ఆకారపు బిగింపు పనిముట్లు), ఒక పానా దగ్గరుంటే వీటిలో చాలావాటిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ముందుగా సీటు ఎత్తు చూడాలి, ఎందుకంటే మిగిలిన సర్దుబాట్లన్నీ దానిపైనే ఆధారపడతాయి. ఆగినప్పుడు కూర్చున్నచోటు నుంచే రెండు పాదాలూ నేలకు ఆనాలని చాలామంది సీటును బాగా దించుకుంటారు. అప్పుడు మోకాలు తొక్కిన ప్రతిసారీ అతిగా ముడుచుకుని, చిప్ప మీద ఒత్తిడి పెరిగి, ముందు వైపు నొప్పి మొదలవుతుంది. రోజూ వేసుకునే పాదరక్షలతోనే, గోడను ఆసరాగా పట్టుకుని సీటుపై కూర్చోండి. మడమను పెడల్‌పై ఉంచి వెనక్కి తిప్పితే, పెడల్ అట్టడుగుకు చేరినప్పుడు తుంటి పక్కకు ఒరగకుండా కాలు తిన్నగా చాచుకోవాలి. అదే ఎత్తులో పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలిలో కొద్దిపాటి వంపు, దాదాపు 25 నుంచి 35 డిగ్రీలు, మిగులుతుంది. ఇకపై ఆగేటప్పుడు సీటు దిగి నిలబడవలసి వస్తుంది. రద్దీలో అది భయమనిపిస్తే ఒకేసారి కాకుండా సెంటీమీటరు చొప్పున పెంచుకుంటూ వెళ్ళండి. సీటు గొట్టంపై ఉండే హద్దు గీత మాత్రం బయటికి కనిపించకూడదు. కనిపించేంత పైకి లాగితే గొట్టం విరిగే ప్రమాదం ఉంది.

తర్వాత పెడళ్ళను ఒకటి ముందు, ఒకటి వెనుక, రెండూ ఒకే ఎత్తులో ఉండేలా నిలిపి, ముందున్న మోకాలు ఇంచుమించుగా పెడల్ ఇరుసుకు నేరుగా పైన ఉండేలా సీటును ముందుకో వెనక్కో జరపండి. సీటు సమతలంగా ఉండాలి. సీటు ముందు కొస కిందికి వంగితే శరీరం ముందుకు జారి బరువంతా చేతులపై పడుతుంది, పైకి లేస్తే మెత్తని భాగాలు నలుగుతాయి. మెత్తటి సీటు కొంటే సుఖమని అనుకోవడం సహజమే గానీ, పిరుదుల ఎముకలకు సరిపడా వెడల్పు లేని సీటు ఎంత మెత్తగా ఉన్నా దూరం పెరిగేకొద్దీ నొప్పే పెడుతుంది.

రోజువారీ ప్రయాణానికి హ్యాండిల్ సీటుతో సమానంగా గానీ, కాస్త పైన గానీ ఉండటం మంచిది. మెడ ఎత్తకుండానే దారి కనిపిస్తుంది. దాని బిగింపు సరిగా తెలియకపోతే మెకానిక్‌కే వదిలేయండి, ఎందుకంటే తొక్కేటప్పుడు హ్యాండిల్ వదులైతే పడిపోవడమే. బ్రేకు పిడులను మాత్రం మణికట్టు వంగకుండా వేళ్ళకు అందే కోణానికి మీరే తిప్పుకోవచ్చు. టైరు పక్కన ముద్రించిన హద్దుల మధ్యనే గాలి ఉంచండి, గరిష్ఠానికి నింపితే గతుకులన్నీ నడుముకు తగులుతాయి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, పాత స్థానాన్ని టేపుతో గుర్తుపెట్టుకుని, కొన్ని రోజులు తొక్కి చూడండి. మోకాలి వెనుక నొప్పి వచ్చినా, తుంటి ఊగుతున్నా సీటు ఎత్తు ఎక్కువైనట్టే, కొన్ని మిల్లీమీటర్లు దించండి. ఇవన్నీ చేశాక కూడా తిమ్మిరి తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించండి.