బండి పదేపదే షెడ్డుకెళ్తుంటే: పార్టు కొనే ముందు చేయించాల్సిన పరీక్షలు

నేను విజయవాడలో సొంత బండి నడుపుకుంటాను. స్టేషన్ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకు, అమరావతికి, కిరాయి దొరికితే హైదరాబాద్‌కు. ఓనర్ కమ్ డ్రైవర్‌కి బండి షెడ్డులో ఉందంటే రెండు దెబ్బలు. రిపేరు ఖర్చు ఒకటి, ఆ రోజు రాని కిరాయి ఇంకొకటి. ఈఎంఐ మాత్రం ఆగదు. అందుకే మా స్టాండులో ఎవరి బండైనా ఒకే కంప్లయింటుతో రెండోసారి షెడ్డుకెళ్తే నాకు మనసు ఊరుకోదు, వెళ్లి కూర్చుని వివరాలు అడుగుతాను. మెకానిక్కులు మోసం చేస్తారని నేను అనను. చెవితో విని ఇంజిన్ జబ్బు చెప్పే మేస్త్రీలు మన ఆటోనగర్‌లో ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఇప్పటి బండ్లలో సెన్సర్లు, వైరింగ్ ఎక్కువ. పరీక్ష చేయకుండా ఊహ మీద పార్టు మారిస్తే, ఊహ తప్పినా డబ్బు కట్టేది మనమే.

మొదటి పని షెడ్డుకు వెళ్లకముందే చేయాలి. కంప్లయింట్ ఎప్పుడు వస్తోందో రాసుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనే వస్తోందా? ఏ గేరులో, ఎంత స్పీడులో? వాన పడ్డాక మొదలైందా, కొత్త బంకులో ఆయిల్ కొట్టించాక మొదలైందా? మీటర్‌లో లైటు వెలిగితే ఫోన్‌లో వీడియో తీయండి. షెడ్డుకి తీసుకెళ్లగానే బాగా నడిచే బండ్లు చాలా ఉంటాయి, అప్పుడు ఆ వీడియోయే సాక్ష్యం. ఇంకో మాట. మేస్త్రీకి లక్షణం చెప్పండి, జబ్బు పేరు చెప్పొద్దు. ‘ఫ్యూయల్ పంపు పోయినట్టుందన్నా’ అంటే ఆయన చూపు ముందు పంపు మీదకే పోతుంది. ‘ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే బండి ఆగిపోతోంది, రోడ్డు మీద బాగుంది’ అని చెప్పండి, చాలు.

స్కానర్ చూపించేది ఏమిటి

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ పెట్టేది అక్కడే. 2013 తర్వాత వచ్చిన బండ్లన్నింటికీ ఇది ఉన్నట్టే. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న అడాప్టర్లు కూడా దొరుకుతాయి, కోడ్ (లోపం కనిపిస్తే బండి కంప్యూటర్ నమోదు చేసే నంబరు) చదవడానికి అవి సరిపోతాయి. కోడ్ చెరిపేయకముందే ఫోటో తీసుకోండి. దాంతోపాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అని ఒక పేజీ ఉంటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్నది అందులో నమోదై ఉంటుంది. కోడ్ క్లియర్ చేస్తే ఇదంతా పోతుంది, చాలా బండ్లలో బ్యాటరీ వైరు తీసినా పోవచ్చు. మేస్త్రీ ‘ముందు క్లియర్ చేసి చూద్దాం’ అంటే ఒక్క నిమిషం ఆగమని చెప్పి ఫోటో తీసుకోండి.

జ్వరం ఎంతుందో థర్మామీటర్ చెబుతుంది గానీ టైఫాయిడో మలేరియానో చెప్పదు. కోడ్ కూడా అంతే. ఉదాహరణకు పి0301 వస్తే ఒకటో సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో ఇంధనం సరిగా మండటం లేదని మాత్రమే అర్థం. ప్లగ్గుకి నిప్పురవ్వ కోసం కరెంటు పంపే కాయిల్ పోయిందని అందులో ఎక్కడా లేదు. సిలిండర్‌కి ఒక కాయిల్ చొప్పున ఉన్న పెట్రోల్ బండి అయితే ఒకటో కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని ఒకటోదానికి మార్చి పెట్టించండి. ఇప్పుడు పి0303 వస్తే కాయిల్ పోయిందని తేలినట్టే. కోడ్ ఒకటో సిలిండర్ మీదే ఉంటే కాయిల్‌ది తప్పు కాదు. తర్వాత ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ చూడాలి. దీనికి కొత్త పార్టు ఒక్కటీ కొననక్కర్లేదు. ఒకవేళ చెక్ ఇంజిన్ లైటు నిలకడగా కాకుండా మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి నడపకండి. మిస్ గట్టిగా కొడుతోందని దాని అర్థం. కాలని పెట్రోల్ వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ధరతో పోలిస్తే కాయిల్ ధర లెక్కలోకి రాదు.

నా బండికి జరిగింది

ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే నా బండి ఆగిపోయేది. మళ్లీ తాళం తిప్పితే స్టార్ట్ అయ్యేది. ఒక షెడ్డులో ఫ్యూయల్ పంపు మార్చారు. వారం బాగుంది, మళ్లీ మొదలు. ఇంకోచోట క్రాంక్ సెన్సర్ మార్చారు. మూడోచోట ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయింది, 40 వేలు అవుతుందన్నారు. అక్కడ కాగితం మీద రాసిచ్చిన కోడ్‌లు చూస్తే థ్రాటిల్ సెన్సర్, ప్రెషర్ సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్ హీటర్, అన్నీ ఒకేసారి పడ్డాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పార్టులు ఒకే రోజు ఎలా పోతాయి? వాటన్నింటికీ ఉమ్మడిగా ఉండేది కరెంటు సప్లై, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి). ఒకేసారి ఎక్కువ కోడ్‌లు పడితే ముందు చూడాల్సింది అవే.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన ఏ పార్టూ విప్పలేదు. మల్టీమీటర్ తీసి ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస ఇంజిన్ ఇనుము మీద పెట్టారు. ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ అన్నీ వేయమన్నారు. ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు సున్నా రావాలి, 0.1 వోల్టు దాటకూడదు. నా బండిలో ఒక వోల్టుకు పైనే చూపించింది. తర్వాత జంపర్ కేబుల్‌తో బ్యాటరీ నెగటివ్‌ని నేరుగా ఇంజిన్‌కి కలిపారు. ఫ్యాన్ తిరిగింది, ఏసీ పట్టింది, బండి ఆగలేదు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగ బోల్టు దగ్గర తుప్పు పట్టి, లోపల పోగులు తెగిపోయి ఉంది. రేడియేటర్ ఫ్యాన్, ఏసీ కలిసి కరెంటు లాగినప్పుడు ఆ తీగ మోయలేకపోయేది, ఈసీఎంకి వోల్టేజీ తప్పుగా అందేది. కొత్త తీగ వేసి, బోల్టు చోటు గీకి శుభ్రం చేసి 600 తీసుకున్నారు. అందులో సగానికి పైగా ఆయన తెలివికి ఇచ్చినదే అనుకుని సంతోషంగా ఇచ్చాను.

జంపర్ కేబుల్ పరీక్ష మీరు కూడా చేసుకోవచ్చు. కేబుల్ రెండు కొసలూ నెగటివ్‌కీ ఇంజిన్‌కీ మాత్రమే తగలాలి, పాజిటివ్ జోలికి పోవద్దు. పనిలో పనిగా బ్యాటరీ కూడా చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5. ఇవి సరిగా లేకుండా సెన్సర్ల దాకా వెళ్లడం అనవసరం.

హీట్ ఎక్కుతోందంటే

ఎండాకాలంలో ఎక్కువగా వినపడే మాట ‘హెడ్ పోయింది, విప్పాలి’. హెడ్ అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే ఇంజిన్ పైభాగం. హెడ్ విప్పితే లేత్ పని, గాస్కెట్, బోల్టులు, కూలెంట్, లేబర్ అన్నీ కలిసి పెద్ద బిల్లు అవుతుంది. విప్పనిచ్చే ముందు ఒకటి గమనించండి. ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో హీట్ ఎక్కి, హైవే ఎక్కగానే తగ్గితే ముందు రేడియేటర్ ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజు చూడాలి. ఊళ్లో బాగుండి హైవే మీదో, ఘాట్ ఎక్కుతున్నప్పుడో హీట్ ఎక్కితే రేడియేటర్ పూడుకుపోయిందా, కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందా, వాటర్ పంపు నీళ్లు తోస్తోందా చూడాలి. రేడియేటర్ క్యాప్ స్ప్రింగు బలహీనపడినా కూలెంట్ పొంగి బయటికి పోతుంది, అదేమో చాలా చవకైన పార్టు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ క్యాప్ ముట్టుకోవద్దు, ఆవిరి చిమ్మి ముఖం కాలుతుంది.

నిజంగా హెడ్ గాస్కెట్ పోయిందో లేదో తేల్చే పరీక్షలు ఉన్నాయి. కూలింగ్ సిస్టమ్‌కి పంపుతో ప్రెషర్ ఎక్కించి నిలుస్తుందో లేదో చూస్తారు. రేడియేటర్ నోటి దగ్గర నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి గాలి లాగుతారు. కూలెంట్‌లోకి ఇంజిన్ పొగ వస్తుంటే ఆ ద్రవం పసుపు రంగుకి తిరుగుతుంది. ఈ రెండింట్లో ఒకటైనా చేయకుండా హెడ్ విప్పనివ్వకండి. చలికాలం పొద్దున్నే సైలెన్సర్ నుంచి కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే, దాన్ని చూపించి ఎవరైనా భయపెడితే టెన్షన్ పడొద్దు.

డీజిల్ బండి పికప్ లేదంటే ఫిల్టర్, అందులో నీళ్లు, పైపుల్లో గాలి ముందు చూడాలి. ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలంటే రిటర్న్ టెస్ట్ అడగండి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ని విడిగా సీసాల్లో పట్టి కొలుస్తారు, మిగతావాటికంటే బాగా ఎక్కువ వదిలేది దోషి. బీఎస్-6 డీజిల్‌కి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగితే అది ఊళ్లో చిన్న ట్రిప్పుల వల్ల మసి పేరుకున్న గుర్తు కావచ్చు. లైటు వెలిగిన వెంటనే అయితే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద కాసేపు నడిపితే చాలాసార్లు అదే శుభ్రపడుతుంది.

షెడ్డులో ఎలా మాట్లాడాలి

‘అన్నా, ఈ పార్టు పోయిందని ఏ పరీక్షలో తేలింది?’ అని మర్యాదగా అడగండి. మంచి మేస్త్రీకి కోపం రాదు, చూపిస్తారు. పరీక్షకు విడిగా లేబర్ ఇస్తానని మీరే చెప్పండి. ఇది నేను గట్టిగా నమ్ముతాను. జబ్బు కనిపెట్టినందుకు మనం డబ్బివ్వకపోతే మేస్త్రీకి మిగిలేది పార్టు మీద మార్జినే. ఎలక్ట్రికల్ పార్టులు ఒకసారి బిగించాక దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోరు కాబట్టి, వీలైతే అదే మోడల్ బండి నుంచి పనిచేస్తున్న పార్టు తెచ్చి తాత్కాలికంగా పెట్టి చూడమనండి.

ఎస్టిమేట్ రాయించుకోండి. అది దాటితే ఫోన్ చేయమనండి. పాత పార్టులు డిక్కీలో వేయమనండి. కచ్చా చీటీ కాకుండా పార్టు నంబరు, కిలోమీటర్లు ఉన్న జీఎస్టీ బిల్లు తీసుకోండి. పార్టుకి ఎన్ని నెలల వారంటీ ఉందో దాని మీదే రాయించండి. డబ్బు మొత్తం ఇచ్చేముందు కంప్లయింట్ వచ్చే పరిస్థితిలోనే బండి నడిపి చూడండి. ఏసీతో వచ్చేదాన్ని ఏసీ లేకుండా నడిపి చూస్తే ఏమీ తెలియదు. తిరిగొచ్చాక స్కానర్ మళ్లీ పెట్టించి పెండింగ్ కోడ్‌లు (లోపం కనిపించినా ఇంకా లైటు వెలిగించనివి) కూడా చూడండి.

ఇన్ని చేసినా అదే పనికి మళ్లీ మళ్లీ బిల్లు వేస్తూ బాధ్యత తీసుకోకపోతే, ముందు షెడ్డు యజమానికో సర్వీస్ మేనేజర్‌కో రాతపూర్వకంగా ఇవ్వండి, వాట్సాప్ అయినా పర్వాలేదు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మా డ్రైవర్ సోదరులు టాక్సీ ప్లేటు ఉంది కదా అని వెనకాడుతుంటారు. స్వయం ఉపాధితో బతకడం కోసమే కొని వాడుకునే వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార వాడకం కింద లెక్కించదు, ఆ సంగతి కమిషన్ దగ్గర చెప్పుకోండి. ఫిర్యాదు 2 ఏళ్లలోపే వేయాలి కాబట్టి ‘ఈసారి చూసి పెడతాం’ అనే మాటల మీద ఆ గడువు దాటనివ్వకండి.