క్యాప్సైసిన్ ప్రయోగాల పేపరు ఎలా చదవాలి

ఫిజియాలజీ విద్యార్థుల చేత పేపర్లు చదివించేటప్పుడు నేను ముందుగా ఫలితాల జోలికి పోనివ్వను. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ మీద జంతువుల్లో జరిగిన పని అయితే మరీనూ. అది కడుపు లోపలి పొరను కాపాడిందని ఒక పేపరు చెబుతుంది. అదే ఇచ్చిన ఎలుకల కడుపు ఇంకా ఎక్కువ దెబ్బతిందని మరొకటి చెబుతుంది. రెండూ నిజమే కావచ్చు. అందుకే ఎంత ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు, ఏ వయసు జంతువుకు ఇచ్చారు అన్న మూడింటినీ ముందు కాగితం మీద రాసుకోండి.

క్యాప్సైసిన్ యాసిడ్‌లాగా కణజాలాన్ని తినెయ్యదు. నొప్పిని మోసే నరాల చివర్లలో ఉన్న టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. 1997లో ఈ ద్వారం జన్యువును గుర్తించింది డేవిడ్ జూలియస్ బృందం. 2021 నోబెల్ బహుమతిలో ఆయన వాటా ఈ దారిలో వచ్చిందే. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికీ, ఆమ్లానికీ కూడా అదే తెరుచుకుంటుంది. కొద్ది డోసు నరాన్ని రేపుతుంది. పెద్ద డోసు, లేదా పదేపదే ఇచ్చిన డోసు, అదే నరాన్ని మొద్దుబారుస్తుంది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కిస్తే ఆ నరకణాల్లో చాలా వరకు చచ్చిపోతాయి, తిరిగి రావు. ఇది 1977 నుంచీ తెలిసిన సంగతి. అలాంటి పేపర్లలో క్యాప్సైసిన్‌ను మందుగా కాదు, నరాలను తొలగించిన కత్తిగా చూడాలి.

ఈ తేడా పట్టుబడితే 1967 నాటి హంగరీ శాస్త్రవేత్తలు యాంచో, సోల్చానీల పని ఎంత గొప్పదో తెలుస్తుంది. ఘాటైన రసాయనం తగిలితే చర్మం ఎర్రబడుతుంది, రక్తనాళాల నుంచి ద్రవం కారి వాస్తుంది. ఆ నరాలను ముందే క్యాప్సైసిన్‌తో మొద్దుబారిస్తే ఆ వాపు దాదాపు రాలేదు. అంటే నరం కబురు మోసి ఊరుకోదు, చివర నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ లాంటి రసాయనాలను వదిలి వాపును తానే పుట్టిస్తుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే విషయమిది.

కడుపులో ఇదే యంత్రాంగం రక్షణగా పనిచేస్తుంది. ఎలుకకు గాఢమైన ఆల్కహాల్‌తో పాటు కొద్దిగా క్యాప్సైసిన్ అందితే లోపలి పొరకు రక్తప్రవాహం పెరిగి గాయం తగ్గుతుంది. నరాలు పోయిన ఎలుకకు ఆ రక్షణ ఉండదు.

తర్వాత పోలిక గుంపును చూడండి. క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లోనో, నీళ్ళలో కలవనివాటిని కలిపే ట్వీన్ 80 అనే పదార్థంతోనో కలుపుతారు. క్యాప్సైసిన్ లేకుండా ఆ కలిపే ద్రవం మాత్రమే ఇచ్చిన జంతువులు లేకపోతే ఆ పేపరును నేను పక్కన పెడతాను. ఏ జంతువో కూడా చూడండి: పక్షుల టీఆర్‌పీవీ1 క్యాప్సైసిన్‌కు స్పందించదు. మత్తు ఇచ్చారా, నొప్పి తగ్గించడానికి ఏం చేశారు అన్నది తప్పకుండా వెతకండి. ఆ ఎలుకలు పడిన బాధకు మనం ఇవ్వాల్సిన కనీస గౌరవం అది.

చివరగా వరస. కడుపును కాపాడిన ప్రయోగాల్లో క్యాప్సైసిన్ గాయానికి ముందో, గాయం చేసే పదార్థంతో పాటో అందింది. అప్పటికే పుండు పడిన మనిషి కారం తినొచ్చా అన్న ప్రశ్నను ఆ ప్రయోగం అడగనే లేదు, కాబట్టి జవాబును అందులో వెతక్కండి.