సున్నపురాయి కొండల్లో జలపాతం దాకా నడవాలంటే

మామూలు కొండల్లో అయితే వాగు పట్టుకుని పైకి నడుస్తూ పోతే ఎక్కడో ఒకచోట జలపాతం తగులుతుంది. సున్నపురాయి కొండల్లో ఆ లెక్క పనికిరాదు. గలగలా పారే వాగు మీ కళ్లముందే ఒక బిలంలోకి దిగి మాయమవుతుంది, అక్కడి నుంచి కిలోమీటర్ల కొద్దీ ఎండిన రాళ్లే, మళ్లీ ఎక్కడో ఇంకో కొండ నడుములోంచి అదే నీరు బయటికి దూకుతుంది. వాననీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిసి నీరు కాస్త ఆమ్లంగా మారుతుంది, అది రాతి పగుళ్లను వేల ఏళ్లుగా కరిగించుకుంటూ లోపల తనకు దారులు చేసుకుంది. అందుకే ప్లాన్ వేసేటప్పుడు దూరం సంగతి తర్వాత చూసుకోండి. ముందు ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఈ నెలలో వస్తున్నాయా అన్నది కనుక్కోండి.

స్లొవేనియాలో ట్రిగ్లావ్ నేషనల్ పార్కు ఉంది కదా, అక్కడి సావిత్సా జలపాతం నిలువు గోడ మధ్యలో గుహలోంచి బయటపడి 78 మీటర్లు దూకుతుంది. పైన పర్వతాల్లో ఇంకిన నీరే అది, కానీ మధ్యలో దాని ప్రయాణమంతా రాతి లోపలే. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్కులో గేపింగ్ గిల్ అని ఉంది, అక్కడ కథ తిరగబడుతుంది. వాగే సుమారు 98 మీటర్ల లోతు బిలంలోకి పడుతుంది, అంచు దగ్గర నుంచి చూస్తే నీళ్లు చీకట్లోకి దిగడం తప్ప ఏమీ కనిపించదు. అదే పార్కులో మాలమ్ కోవ్ అనే పెద్ద కొండగోడ మామూలుగా పూర్తిగా పొడిగా ఉంటుంది, 2015 డిసెంబర్‌లో కుండపోత వానలకు మాత్రం కొద్దిసేపు జలపాతమైంది. కాబట్టి ఫోటో చూసి బయల్దేరకండి, ఆ ఫోటో ఏ నెలలో తీశారో చూడండి. అది తెలియకపోతే పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి "ఇప్పుడు నీళ్లున్నాయా?" అని సూటిగా అడిగేయండి. ఇలాంటి ఊటలు వానకు చాలా త్వరగా పొంగుతాయి, అంతే త్వరగా తగ్గుతాయి. మంచు కరిగే రోజులు, లేదంటే మంచి వాన వెలిసిన తర్వాతి ఒకటి రెండు రోజులు బాగుంటాయి. ఎండాకాలం చివర్లో వెళితే తడి గోడ చూసి తిరిగి రావాల్సి రావచ్చు.

ఇక టైం లెక్క. 1892లో విలియం నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు: గంటకు 5 కిలోమీటర్ల నడక, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. 6 కిలోమీటర్ల దారి, 450 మీటర్ల ఎత్తు అనుకుంటే రెండు గంటలకు మూడు నిమిషాలు తక్కువ. అయితే ఇది ఆగకుండా నడిచే గట్టి మనుషుల లెక్క, పైగా మంచి దారి మీద. తడిసిన సున్నపురాయి మీద నేనైతే దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుంటాను. దిగేటప్పుడు తొందరగా అయిపోతుందని మాత్రం అనుకోవద్దు, ఈ రాతి మీద దిగడమే ఆలస్యం.

ఎందుకంటే ఈ రాయి రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. జనం ఎక్కువగా నడిచిన చోట పాదాల ఒరిపిడికి పాలిష్ పట్టినట్టు నున్నగా అవుతుంది, దాని మీద నాలుగు చినుకులు పడ్డాయో, ఇక కాలు నిలవదు. జనం నడవని చోట నీటి కోతకు కత్తి అంచుల్లా లేచి ఉంటుంది, పడితే చేతులు చీరుకుపోతాయి. మధ్యమధ్యలో లోతైన పగుళ్లు, వాటిని గడ్డీ ఆకులూ కప్పేసి ఉంటాయి. అందుకే షార్ట్‌కట్ ఎంత ఊరించినా కాలిబాట వదలకండి. మెత్తని రబ్బరు సోల్, లోతైన గాట్లు ఉన్న షూ వేసుకోండి, కొత్తవైతే ముందే కొన్నాళ్లు వాడి కాలికి అలవాటు చేసుకోండి. చెప్పులతో వచ్చేవాళ్లు ప్రతిచోటా కనిపిస్తారు, వాళ్లను చూసి ధైర్యం తెచ్చుకోకండి. నున్నటి బండ మీద పెద్ద అంగలు వద్దు, చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి. పచ్చగా, నల్లగా మెరిసేచోట పాకుడు ఉన్నట్టే. ట్రెక్కింగ్ కర్రలు దిగేటప్పుడు మోకాళ్లకు బాగా పనికొస్తాయి, చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన చోట మాత్రం మడిచి బ్యాగులో పెట్టేయండి.

మ్యాప్ ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, కాగితం మ్యాప్ కూడా ఉంచుకోండి. ఇరుకు లోయల్లో నిలువు గోడల మధ్య జీపీఎస్ చుక్క ఎక్కడెక్కడికో గెంతుతుంది. మ్యాప్‌లో నీలిగీత హఠాత్తుగా ఆగిపోతే అచ్చుతప్పు అనుకోకండి, నీరు భూమిలోకి దిగేది అక్కడే. దారి గుర్తులు ఎలా ఉంటాయో కూడా ముందే చూసుకోండి. స్లొవేనియాలో అయితే ఎర్రటి వలయం మధ్యలో తెల్ల చుక్క. కాసేపు నడిచినా గుర్తు కనపడలేదంటే ముందుకు వెతుక్కుంటూ పోవద్దు, చివరి గుర్తు దాకా వెనక్కి రండి.

తాగునీళ్ల విషయంలో చాలామంది పొరబడతారు. జలపాతానికే వెళ్తున్నాం కదా, నీళ్లకేం కొదవ అనుకుంటారు. పైనున్న రాతి మైదానంలో చుక్క నీరు నిలవదు, అంతా లోపలికే. కిందికి వచ్చాక కనిపించే నీరు అద్దంలా ఉన్నా శుభ్రమైనదని చెప్పలేం, మట్టిలో ఇంకి నెమ్మదిగా వడకట్టుకు వచ్చిన నీరు కాదది, పైన పశువులు తిరిగే చోట నుంచి పగుళ్ల గుండా నేరుగా దిగి వచ్చి ఉండొచ్చు. మనిషికి రెండు మూడు లీటర్లు వెంట తీసుకెళ్లండి, తప్పనిసరైతే మరిగించి తాగండి.

ఇరుకు లోయలోకి దిగేముందు మీ తలపైన ఉన్న ఆకాశం ఒక్కటే చూస్తే సరిపోదు. కొండకు అవతల కురిసిన వాన కూడా లోపలి దారుల్లో మీ వైపుకే రావచ్చు. నీళ్ల రంగు మట్టిగా మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, శబ్దం పెరిగినా ఇక ఆలోచించేది లేదు, సామాన్లు వదిలేసైనా వెంటనే ఎత్తైన చోటికి ఎక్కేయండి. ఉరుములతో వాన ఉందని చెప్పిన రోజు ఆ లోయ ప్లానే వద్దు.

జలపాతం దగ్గర ఒక సంగతి మరీ మరీ చెప్పాలి. నీటిలో కరిగిన సున్నం, నీరు చిందేచోట మళ్లీ బయటపడి నాచు మీద పేరుకుని గట్లలా పెరుగుతుంది, దాన్ని టూఫా అంటారు. క్రొయేషియాలోని ప్లిట్విట్సే పార్కులో 16 సరస్సులను ఆపి ఉంచుతున్నవి ఇలాంటి గట్లే. చూడ్డానికి గట్టి రాయిలా ఉంటుంది గానీ నిజానికి గుల్లగా, పెళుసుగా ఉంటుంది, ఇంకా పెరుగుతూ ఉంటుంది. సెల్ఫీ కోసం దానిమీద ఎక్కితే అది విరుగుతుంది, మీరూ పడతారు. ప్లిట్విట్సేలో చెక్కబాట దిగకూడదు, ఈత నిషేధం. బోర్డు లేని పార్కులోనూ అలాగే నడుచుకోండి.

నీళ్లు పడే చోటికి సరిగ్గా కింద నిలబడకండి, పైనుంచి రాళ్లు కూడా వస్తాయి. ట్రిగ్లావ్‌లోని పెరిచ్నిక్ లాంటి చోట జలపాతం వెనక నుంచి నడిచే దారి ఉంది, అక్కడా వాన కోటు, జారని అడుగు కావాలి. తుంపర్లకు పది నిమిషాల్లో చలి పట్టుకుంటుంది, పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. ఇంద్రధనుస్సు కావాలంటే ఎండ మీ వీపు మీద పడాలి, జలపాతం ఏ దిక్కుకు తిరిగి ఉందో మ్యాప్‌లో చూసుకుంటే ఉదయం వెళ్లాలా సాయంత్రమా అన్నది తేలిపోతుంది.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా తిరిగొస్తారో ఎవరికైనా చెప్పి బయల్దేరండి. ఈల ఒకటి మెడలో వేసుకోండి. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి, బదులుగా మూడు ఈలలు వినిపిస్తే మీ గొంతు చేరినట్టే. సిగ్నల్ ఉంటే యూరప్‌లో 112. టార్చి పగటి నడకకైనా పెట్టుకోండి, లోయలో చీకటి పైకంటే ముందే పడుతుంది.